కల్లు సీసాకు చీటీ ఏదీ?

గద్వాల కోట ముందు నిలబడినా, వనపర్తి బజారులో నడిచినా, నాగర్‌కర్నూల్ బస్టాండులో బస్సు కోసం ఎదురుచూసినా, తలెత్తితే కనిపించే బోర్డు ఒకటుంది. 'వైన్స్' అని. ముందు ఏదో ఒక దేవుడి పేరో, పిల్లల పేరో ఉంటుంది, వెనక ఈ 'వైన్స్' ఉంటుంది. లోపల విస్కీ ఉంటుంది, బ్రాందీ ఉంటుంది, బీరు ఉంటుంది. వైన్ మాత్రం ఎక్కడో మూలన దుమ్ముకొట్టుకుని ఒకటో రెండో సీసాలుంటే ఉంటాయి, లేకపోతే లేదు. పేరొకటి, సరుకొకటి. దీనికి నవ్వుకుని ఊరుకోవచ్చు.

కానీ ఆ వీధి దాటి ఇంకాస్త ముందుకెళితే కల్లు దుకాణం ఉంటుంది. అక్కడా అంతే. పేరొకటి, సరుకొకటి. ఇది మాత్రం నవ్వుకుని ఊరుకునే సంగతి కాదు.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్ మండలంలో ఊళ్లకు ఊళ్లే మంచం పట్టాయి. 2023 ఏప్రిల్‌లో మన మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రికే వింత వింత లక్షణాలతో కల్లు బాధితులు వరసకట్టారు. ప్రతిసారీ పేపర్లో 'కల్తీ కల్లు' అని పెద్దక్షరాలు. నాలుగు రోజులు దాడులు, అరెస్టులు, ప్రకటనలు. ఐదో రోజు నుంచి అంతా మామూలే. మళ్లీ అదే దుకాణం, అదే సీసా.

ఎందుకిలా జరుగుతోంది? కల్లు అనేది అసలేమిటో, ఇప్పుడు కల్లు పేరుతో అమ్ముతున్నదేమిటో మనలో చాలామందికి తెలియకపోవడం ఒక కారణమని నాకనిపిస్తుంది. 'తాగేవాళ్ల గొడవ మనకెందుకమ్మా' అని మనం పక్కకు తప్పుకుంటాం. కానీ ఉప్పు, పప్పు, నూనె కొనేటప్పుడు ప్యాకెట్టు తిప్పి చూసే ఆడవాళ్లం మనం. ఆ చూపుతోనే ఈ తెల్లని ద్రవం వైపు కూడా ఒకసారి చూద్దాం రండి. కల్తీ లేని సరుకు ఎలా ఉంటుందో తెలియాలంటే, ముందు చీటీ ఉన్న సీసాను ఒకదాన్ని చూడాలి. అందుకే మొదట కాస్త దూరం వెళ్లి, తెల్ల వైన్ సంగతి చెప్పుకుందాం.

చీటీ ఉన్న సీసా

ఫ్రాన్సు దేశపు తూర్పు భాగంలో బర్గండీ అనే సీమ ఉంది. అక్కడ పుట్టిన తెల్ల ద్రాక్ష పేరు షార్డొనే. ఆ పేరుతో ఒక పల్లె కూడా ఉంది. ఈ ద్రాక్ష ఎక్కడిదని తల బద్దలు కొట్టుకున్న శాస్త్రవేత్తలు 1999లో డీఎన్ఏ పరీక్షలతో తేల్చారు. పినో నోయిర్ అనే మేలిరకం నల్లద్రాక్షకూ, గుయె బ్లాంక్ అనే నాసిరకం తెల్లద్రాక్షకూ పుట్టిన బిడ్డ ఇది. గొప్పింటి తండ్రి, పేదింటి తల్లి అన్నమాట! ఇవాళ ఆ బిడ్డ అమెరికా, ఆస్ట్రేలియా, చిలీ దాకా పాకింది. మన దేశంలోనూ కొన్ని తోటల్లో పెరుగుతోంది.

తయారీ వినండి. వంటింటి భాషలోనే చెబుతాను. ఎండ ముదరకముందే, చల్లని వేళలో పండ్లు కోస్తారు. మెత్తగా నొక్కి రసం తీస్తారు. తొక్కల్ని, గింజల్ని వెంటనే వేరుచేస్తారు. తెల్ల వైన్‌కూ ఎర్ర వైన్‌కూ తేడా ఇక్కడే. ఎర్రదాన్ని తొక్కలతోనే పులియబెడతారు, రంగంతా తొక్కలోదే. తెల్లదానికి వట్టి రసమే. ఆ రసాన్ని ఒక రాత్రి కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది, పైన తేట మిగులుతుంది. అప్పుడు ఈస్ట్ కలుపుతారు. ఇడ్లీపిండిని రాత్రికి రాత్రి పొంగించే సూక్ష్మజీవులకు ఈ ఈస్ట్ చుట్టమే. అది రసంలోని చక్కెర తిని, మద్యసారాన్నీ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. మన పిండి వెచ్చగా ఉంటే బాగా పులుస్తుంది. తెల్ల వైన్‌ను మాత్రం చల్లగా ఉంచుతారు, లేకపోతే సువాసన ఎగిరిపోతుంది. రెండు మూడు వారాలు పడుతుంది.

చక్కెరంతా అయిపోయేదాకా పులియనిస్తే దాన్ని 'డ్రై' వైన్ అంటారు. మనకు 'డ్రై' అంటే గాంధీ జయంతి నాడు మందు దుకాణాలు మూసే 'డ్రై డే' ఒక్కటే గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. డ్రై అంటే తీపి లేనిది. ఐరోపా నిబంధనల ప్రకారం మామూలుగా లీటరుకు నాలుగు గ్రాములకు మించి చక్కెర మిగలకూడదు. పులుపు ఎక్కువగా ఉన్న వైన్‌కు కాస్త సడలింపు ఉంటుంది. మద్యసారం ఇంచుమించు 12 నుంచి 14 శాతం ఉంటుంది.

ఆ తర్వాత ఇంకో చిన్న విద్య. పచ్చి యాపిల్‌లో ఉండే కరుకు పులుపును బాక్టీరియా చేత మెత్తని పులుపుగా మార్పిస్తారు. ఆ మెత్తని పులుపు ఏమిటో తెలుసా? మన పెరుగులోని లాక్టిక్ ఆమ్లమే! అది జరిగిన షార్డొనేలో వెన్న వాసన లీలగా తగులుతుందట. ఓక్ కొయ్య పీపాల్లో నిలవ ఉంచితే వెనిలా వాసన, వేయించిన గింజల వాసన వస్తాయి. స్టీలు తొట్లలోనే ఉంచితే నిమ్మ, యాపిల్ వాసనలు మిగులుతాయి. ద్రాక్ష ఒకటే, చేసే చేతిని బట్టి, పెరిగిన నేలను బట్టి గుణం మారుతుంది. ఉల్లిపాయా చింతపండూ ఒకటే అయినా ఇంటింటికీ పులుసు మారినట్టు.

ఇదంతా ఫ్రాన్సు కథ, మనకెందుకు అనుకోకండి. గద్వాల దాటితే రాయచూరు, ఇంకా ముందుకెళితే కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతం. అక్కడ హైదరాబాద్‌కు చెందిన తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్లు ద్రాక్షతోట వేసి, తమ ఇద్దరి పేర్లూ కలిపి 'కృష్మ' అని పేరుపెట్టి వైన్ చేస్తున్నారు. మనకు మరీ దూరం కాదు.

వైన్ తాగమని నేను చెప్పడం లేదు. మద్యం కొద్దిగా అయినా ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. నేను చెప్పేది సీసాకు అంటించిన చీటీ గురించి. ఏ ద్రాక్ష, ఏ ఊరి తోట, ఏ ఏడాది పంట, ఎంత మద్యసారం, ఎవరు చేశారు – సాధారణంగా ఇవన్నీ దాని మీద ఉంటాయి. తాగేవాడికి తను తాగుతున్నదేమిటో తెలుస్తుంది. తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలో తెలుస్తుంది.

ఈత చెట్టు చేసే వైన్

ఇప్పుడు మనూరికి వద్దాం. కల్లు కూడా నిజానికి వైనే! ద్రాక్షకు బదులు ఈత చెట్టు, తాడిచెట్టు. గౌడన్న మోకు కట్టుకుని చెట్టెక్కి, గీత కత్తితో గీసి లొట్టి కడతాడు. రాత్రంతా చుక్క చుక్కగా కారేది తియ్యని రసం, నీరా. అందులో మద్యసారం ఉండదు. లొట్టికి లోపల సున్నం పూసి, తెల్లవారకముందే దించి, చల్లగా ఉంచితే నీరాగానే మిగులుతుంది. లేదంటే గాల్లోనూ లొట్టిలోనూ ఉండే సహజమైన ఈస్ట్ పని మొదలుపెడుతుంది. వైన్ చేసే ఈస్ట్ జాతే ఇక్కడా ఉంటుంది. ఎవరూ కలపనక్కర్లేదు. కొన్ని గంటల్లోనే నురగ కట్టి కల్లవుతుంది. మద్యసారం నాలుగైదు శాతం. ఇంకా ఉంచితే పులిసి పులిసి చివరికి పుల్లనీళ్లవుతుంది.

అంటే అసలైన కల్లు ఆయుష్షు ఒక్క రోజు. షార్డొనేలా ఏళ్లకేళ్లు దాచలేం. పొద్దున దించింది పొద్దుగూకేలోగా చెల్లిపోవాలి. దూరం పంపలేం, ఎక్కువ చేయలేం. ఈత చలికాలంలో బాగా పారుతుంది, తాడి ఎండాకాలంలో. వాన పడితే పలచబడుతుంది. ఒక ఈతచెట్టు రోజుకు రెండు మూడు లీటర్లిచ్చిందంటే గొప్పే. దాన్ని రోజూ గీస్తూ పోతే చచ్చిపోతుంది, కొన్నాళ్లు ఊరకుండనివ్వాలి. ఈత మొక్క నాటితే గీతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. తాడి అయితే ఓ పన్నెండు పదిహేనేళ్లు ఆగాల్సిందే.

ఇప్పుడు మన ఆడవాళ్ల లెక్క వేద్దాం. నెల సరుకుల లెక్క వేసినట్టే. ఊళ్లో గీసే చెట్లెన్ని? ఒక్కో చెట్టు ఎన్ని సీసాలిస్తుంది? దుకాణంలో రోజుకు ఎన్ని సీసాలు అమ్ముడుపోతున్నాయి? మన పాత పాలమూరు జిల్లా ఎర్ర నేలల్లో, రాళ్ల గుట్టల మధ్య చెట్లెన్నున్నాయో మనకు తెలియదా? మబ్బు పట్టినా, వాన కురిసినా, ఏడాది పొడవునా దుకాణంలో కల్లు మాత్రం తరగదు. ఏ పాలవాడైనా బర్రె ఈననే ఈనకుండా రోజుకు వంద లీటర్లు పోస్తానంటే మనం నమ్ముతామా? మరి ఇదెలా నమ్ముతున్నాం?

ఆ సీసాలో ఉన్నదేమిటి?

చెట్టు ఇవ్వలేనిదాన్ని పొడి ఇస్తుంది. అంతే కథ. నీళ్లు, తీపికి శాకరిన్, తెల్లదనానికీ నురగకూ మరేదో, మత్తుకు మందు. మన ప్రాంతంలో మొదట్లో వినిపించిన పేరు 'సీహెచ్', అంటే క్లోరల్ హైడ్రేట్. 1869 నుంచి డాక్టర్లు నిద్రకు వాడిన పాత మందు అది. తర్వాత డైజోఫాం వచ్చింది. ఇప్పుడు రాజ్యమేలుతున్నది అల్ప్రాజోలం.

ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు మారాయో గమనించండి. క్లోరల్ హైడ్రేట్‌తో మనిషికి నిద్రపట్టాలంటే గ్రాముల్లో కావాలి. దాన్ని సంచుల్లో తేవాలి, దాచాలి, దొరికిపోతే కష్టం. అల్ప్రాజోలం డాక్టరు రాసే మాత్ర పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము ఉంటుంది. అంటే ఒక్క గ్రాము పొడి పావు మిల్లీగ్రాము మాత్రలు నాలుగువేలతో సమానం! చిటికెడు పొడి చొక్కా జేబులో వేసుకుని వెళ్లొచ్చు. ఊరు ఊరంతటినీ తూలేలా చేయొచ్చు. పైగా తొట్లో చేత్తో కలిపేవాడి దగ్గర మందులషాపు త్రాసు ఉంటుందా? ఇవాళ సీసాలో అర మాత్ర పడొచ్చు, రేపు పది మాత్రలు పడొచ్చు. అల్ప్రాజోలంకు మద్యసారం తోడైతే రెండూ కలిసి ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. మనుషులు నిద్రలోనే పోవడం అందుకే.

ఈ పొడి ఎక్కడి నుంచి వస్తోంది? 2025 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పాత బోయినపల్లిలో ఒక ప్రైవేటు పాఠశాల భవనంలోనే అల్ప్రాజోలం తయారుచేస్తున్న గుట్టు రట్టయింది. పిల్లలు అఆలు దిద్దుకునే భవనంలో మత్తు పొడి వండుతున్నారు! ఆ సరుకు మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకే వెళుతోందని పోలీసులు చెప్పారు. వార్త చదివి ఒళ్లు జలదరించింది. అది మన ప్రాంతానికి వచ్చే పొడి, మన మనుషుల గొంతులో దిగే పొడి.

ఆడవాళ్లూ తాగుతున్నారు

పట్నం వాళ్లు 'తాగుడు' అనగానే మొగుడు తాగొచ్చి పెళ్లాన్ని కొట్టడమే ఊహించుకుంటారు. అది నిజమే, మన దగ్గరా ఉంది. కానీ కల్లు సంగతిలో ఇంకో నిజముంది, దాన్ని పైకి చెప్పడానికి మొహమాటపడతాం. మన దగ్గర ఆడవాళ్లూ తాగుతారు. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో పొద్దంతా వంగి పూలకు పుప్పొడి అద్దే కూలీలు, వనపర్తి దగ్గర పల్లికాయ పీకే ఆడవాళ్లు, తట్టలు మోసే అమ్మలు – సాయంత్రం ఒళ్లు నొప్పులు పోవాలని ఒక సీసా తాగడం ఇక్కడ తప్పుగా ఎవరూ అనుకోరు. పండగకు, పెళ్లికి, చావుకు, బోనానికి కల్లు ఉండాల్సిందే. అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. అది తరాల నాటి అలవాటు.

తరాల నాటి ఆ అలవాటు చాటునే ఈ పొడి దూరింది. ఒకామె నాతో చెప్పిన మాట ఇది. కూరగాయల బుట్టతో మా వీధికి వచ్చే పెద్దమ్మ. "తాగుడు మానరాదే పెద్దమ్మా?" అంటే, బుట్ట దింపి గోడకు ఆనుకుని కూచుని, "మానొద్దంటనా బిడ్డా! ఒక్క దినం తాగకుంటే చేతులు వణుకుతయి. నిద్ర రాదు. గోడ మీద ఏందో పాకినట్లయితది. పిచ్చిలేస్తదేమోనని భయమై మళ్ల పోతా. కిక్కు కోసం కాదు బిడ్డా, మామూలుగుండెతందుకు తాగుతున్న" అంది.

'మామూలుగా ఉండడానికి తాగుతున్నా' అనే ఆ ఒక్క మాటలో మొత్తం వ్యవహారం ఉంది. అసలు కల్లు ఒక సీసా తాగేవాళ్లకు ఒక రోజు మానితే ఇలా కాదు. ఆమెకు అంటుకున్నది కల్లు అలవాటు కాదు, నిద్రమాత్రల అలవాటు. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. తన జీవితంలో ఏనాడూ మందులషాపులో అల్ప్రాజోలం అని అడిగి కొననిది, ఏళ్ల తరబడి డబ్బు పెట్టి అదే కొంటోంది. చీటీ లేని సీసా చేసే మోసం ఇదే.

దాడులు చేస్తే సరిపోతుందా?

2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా విరుచుకుపడింది. మంచిదే కదా అనిపిస్తుంది. ఏం జరిగిందో గుర్తుందా? నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో, మెడలు వంకరపోయి ఆసుపత్రులకు పరుగెత్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. కల్లు తాగి కాదు, కల్లు దొరక్క! 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ఆసుపత్రిలోనూ మందు మోతాదు మారినందువల్లే, దొరకనందువల్లే ఇలా అయిందని చర్చ జరిగింది.

డాక్టర్లు చెప్పేదేమిటంటే, ఈ జాతి మందుల్ని రోజూ తీసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు. ఫిట్స్ వస్తాయి, మతి చలిస్తుంది, ప్రాణమే పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అంటే దుకాణం మీద దాడి చేసే జీపు వెనకే ఆసుపత్రి జీపు కూడా రావాలన్నమాట. ఆబ్కారీ శాఖ దారి ఆబ్కారీది, ఆరోగ్యశాఖ దారి ఆరోగ్యానిది అయితే మధ్యలో చచ్చేది ఈ పెద్దమ్మలాంటి వాళ్లే.

మూసివేతల సంగతీ చూశాం. హైదరాబాద్‌లో 2004లో కల్లు కాంపౌండ్లు మూసేశారు, గీతవృత్తి దెబ్బతిన్నదన్నారు. 2014లో తెరిచారు, పేదవాడి పానీయమన్నారు. 2025లో కూకట్‌పల్లి. మూసినా తెరిచినా సీసాలో ఏముందన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

ఇక్కడ ఇంకో అన్యాయముంది. కల్తీ కల్లు అనగానే వేలు గౌడన్నల వైపు చూపిస్తాం. కానీ ప్రాణానికి తెగించి చెట్టెక్కేవాడు వేరు, చెట్టెక్కకుండా తొట్లో పొడి కలిపి అమ్మేవాడు వేరు. చెట్టు మీంచి జారిపడి నడుములు విరిగిన గీత కార్మికులెందరో. 2024 జులైలో ప్రభుత్వం వాళ్లకోసం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, సంతోషం. కానీ చెట్టు నుంచి పడకుండా కాపాడే తాడు ఇచ్చినంత మాత్రాన, కల్తీతో పడిపోయిన అతని బేరాన్ని ఎవరు లేపుతారు? అసలు కల్లు తెస్తే "కిక్కు లేదు పో" అని గిరాకీలు వెళ్లిపోతున్నారు. కల్తీ కల్లు ముందు తాగేవాడి ప్రాణం తీస్తుంది, వెంటనే గీసేవాడి వృత్తి తీస్తుంది.

వాళ్లు ఎలా బాగుపడ్డారు?

ఇదేదో మన ఖర్మ అనుకోనక్కర్లేదు. చీటీల సీసాల దేశాలు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేవి.

ఫ్రాన్సులోనే, 1907లో. దక్షిణాన లాంగ్‌డాక్ ప్రాంతంలో చక్కెర, నీళ్లు కలిపి చేసిన నకిలీ వైన్ బజారును ముంచెత్తింది. అసలు ద్రాక్ష రైతుల సరుకు కొనేవాడు లేడు. రైతులు లక్షల్లో వీధుల్లోకి వచ్చారు. నార్బోన్ పట్టణంలో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. చివరికి ఆ జూన్ నెలాఖరులో చట్టం వచ్చింది. అందులోని ముఖ్యమైన షరతు ఒకటి మన ఇల్లాళ్ల లెక్కలాగే ఉంటుంది. ప్రతి రైతూ ఈ ఏడాది ఎంత తోట ఉంది, ఎంత వైన్ వచ్చింది అని ఊరి కార్యాలయంలో ప్రకటించాలి. ప్రకటించినదానికన్నా ఎక్కువ అమ్మితే మిగతాది ఎక్కడిదని అడుగుతారు. అంతే! పెద్ద ప్రయోగశాలలు కూడా అక్కర్లేదు, తోట లెక్కకూ అమ్మకం లెక్కకూ పొంతన కుదిరితే చాలు.

ఆస్ట్రియాలో 1985లో ఇంకో ఘోరం. తీపీ చిక్కదనమూ ఉన్నట్టు కనబడాలని కొందరు వ్యాపారులు వైన్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపారు. బయటపడగానే ఆ దేశపు వైన్ ఎగుమతులు కుప్పకూలాయి, తప్పు చేయని రైతులూ మునిగిపోయారు. ఆ ఏడాదే కఠినమైన చట్టం తెచ్చారు. మేలురకం వైన్ ప్రతిదాన్నీ పరీక్షించి నంబరివ్వడం, సీసా మూతకు జెండా రంగుల ముద్ర వేయడం వంటి పద్ధతులు వచ్చాయి. రైతులు తీపి వైన్ వదిలి డ్రై వైట్ వైన్ వైపు మళ్లారు. ఇవాళ ఆస్ట్రియా తెల్ల వైన్‌కు ప్రపంచంలో మంచి పేరుంది. కల్తీతో పోయిన పరువు నిజాయితీతో తిరిగొచ్చింది.

గమనించండి, రెండు చోట్లా వైన్‌ను నిషేధించలేదు. నకిలీని నిషేధించారు. అసలును కాపాడారు.

మనం అడగాల్సినవి

మద్యం గొడవలో ఆడవాళ్ల మాటకు బలం లేదని ఎవరూ అనలేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ నేర్చుకుంటూ సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు, అది వేరే కథ. ఆ రోజుల్లో 'మూసేయండి' అన్నదే నినాదం. కల్లు విషయంలో ఆ ఒక్క మాట చాలదు. ఒక్కసారిగా మూస్తే ఏమవుతుందో 2015లో చూశాం. ఇక్కడ నినాదం 'లెక్క చెప్పండి' అని ఉండాలి.

నిజాం జమానాలో ఆబ్కారీవాళ్లు చెట్టుకింత అని పన్ను వసూలు చేసేవారు. పన్ను కోసం చెట్లు లెక్కపెట్టగలిగిన సర్కారు, ప్రాణాల కోసం లెక్కపెట్టలేదా? ఏ కల్లు సొసైటీ కింద ఎన్ని చెట్లు, ఈ నెల ఎన్ని పారుతున్నాయి, రోజుకు ఎన్ని లీటర్లు – ఈ మూడంకెలూ దుకాణం గోడ మీద సున్నంతో రాసిపెట్టమని గ్రామసభలో అడుగుదాం. ఫ్రాన్సులో 1907లో జరిగిన పని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఇప్పుడు జరగకూడదా?

రెండోది చికిత్స. 2016 అక్టోబర్‌లో మన మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, పెద్ద ఆసుపత్రులు వచ్చాయి. వాటిలో కల్లు బాధితుల కోసం ప్రత్యేకంగా ఒక గది, మాన్పించే డాక్టరు, కావలసిన మందులు ఉండాలి. దాడి జరిగే ముందే అవి సిద్ధంగా ఉండాలి. ఆడవాళ్లు సిగ్గుపడకుండా వచ్చే ఏర్పాటు ఉండాలి. ఎందుకంటే భర్తను ఆసుపత్రికి తెచ్చే భార్యలున్నారు గానీ, భార్యను తెచ్చే భర్తలు తక్కువ.

మూడోది చెట్టు. 2015లో మొదలైన హరితహారంలో ఈత మొక్కలూ నాటారు. నాటినవి ఎన్ని బతికాయో చూసుకోవాలి. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. హుస్సేన్‌సాగర్ గట్టున కూచుని పట్నంవాళ్లు చల్లని నీరా తాగుతుంటే బాగానే ఉంది. మరి ఆ చెట్లున్న ఊళ్లలో జనానికి పొడి నీళ్లా? నీరా చల్లబరిచే పెట్టె ఒకటి మండలానికొకటైనా ఇచ్చి, అమ్మే పని మహిళా సంఘాలకు అప్పగిస్తే గౌడన్నకు బేరం ఉంటుంది, మనవాళ్లకు ఆదాయం ఉంటుంది.

ఇక మనింట్లో మనం చేయగలిగేది కూడా ఉంది. ఇంట్లో ఎవరైనా రోజూ దుకాణం కల్లు తాగుతుంటే 'రేపటి నుంచి బంద్' అని తాళం వేసి కూర్చోబెట్టకండి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడడం మొదలైతే దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించకండి. సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎన్నేళ్ల నుంచి ఎన్ని సీసాలు తాగుతున్నారో దాచకుండా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టరు జబ్బు వేరే ఏదో అనుకుంటాడు. పసిపిల్లలు ఏడుస్తున్నారని, నిద్రపోతారని ఒక గుటక పోసే అలవాటు ఎక్కడైనా ఉంటే, చేతులు పట్టుకుని ఆపండి. ఆ గుటకలో ఉన్నది చెట్టు రసం కాదు.

ఎక్కడో ఫ్రాన్సులో ఒక తెల్ల సీసా మీద ద్రాక్ష పేరు, తోట పేరు, ఏడాది రాసుంటాయి. కల్లు సీసా మీద అంత రాత అక్కర్లేదు. ఏ చెట్టుది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు? ఈ మూడు ముక్కలకు జవాబు దొరికితే చాలు. జవాబు చెప్పగలిగిన గౌడన్న దగ్గర కొనేవాళ్లు కొంటారు. చెప్పలేనివాడి సీసాలో ఏముందో, అప్పుడు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.